బరువు వల్ల కాదు

తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి మా లారీలు చిత్తూరు దాటాయి. మా అమ్మవాళ్ళ వీధి మలుపు ఎడమ చేతి వైపు వచ్చింది, పోయింది. ఆపమని నేను అడగలేదు. వాన మొదలై అది నాలుగో రోజు. వెనక లారీలో గాలి తీసి చుట్టిన రబ్బరు బోట్లు రెండు, ఇంజన్లు రెండు, పెట్రోలు డబ్బాలు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు. మొత్తం పద్దెనిమిది మందిమి. నా హోదా కెప్టెన్. ఇంజనీర్ రెజిమెంటు. తిరుపతిలో మెకానికల్ చదివి సైన్యంలో చేరి అప్పటికి నాలుగేళ్ళు. వరద పనికి సొంత జిల్లాకే పంపుతారని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆరూ యాభైకి చేరాం. తిరుపతి దాటాక, స్వర్ణముఖి దిగువన ఒక రోడ్డు కట్ట. ఏడాదిలో పది నెలలు స్వర్ణముఖి అంటే ఇసుకే. ఎండాకాలం అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు. ఆ ఉదయం అది గట్లు దాటి, పొలాలు కలుపుకుని, ఎర్రగా, చప్పుడు చేస్తూ పోతోంది. గొర్రెల దొడ్డి తడికె ఒకటి కొట్టుకుపోతుంటే అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

మేజర్ చేయి చాపి చూపించారు. "ఎదురుగా ఆ ఊరు. తొమ్మిది వందల మీటర్లు. అరవై ఇళ్ళు. మనుషుల్ని ఈ కట్ట మీదికి చేర్చాలి. చీకట్లో బోటు నడపొద్దు."

మధ్యలో నిలబడింది ఒక్కటే కనిపించింది. బోరు మోటారు కోసం కట్టిన చిన్న గది. పైన సిమెంటు పలక. ఊరికి మూడు వందల మీటర్ల దూరంలో ఉంటుంది. ఊరి నుంచి కట్టకు రావాలంటే ఏటికి ఎదురు నడపాలి. పోవడం సులువు, రావడం కష్టం.

మొదటి బోటు దిగువన ఇంకో ఊరికి పోయింది. రెండోది నాది, అందులో ముగ్గురం. నడిపేవాడు కేరళవాడు, ఇరవై మూడేళ్ళవాడు, నీళ్ళను చూసి నవ్వే రకం. మెకానిక్ హవల్దారు తమిళనాడు గుడియాత్తం మనిషి, తెలుగు బాగా వచ్చు. మూడోదాన్ని నేను. రేడియో ఆపరేటరు కట్ట మీదే ఉన్నాడు. బోటు పదిమందికి సరిపోతుంది, మాతో కలిపి. ఇంజను వెనక తగిలించి ఉంటుంది. పెట్రోలు విడిగా ఒక ఎర్రటి ప్లాస్టిక్ డబ్బాలో, కాళ్ళ దగ్గర. డబ్బా నుంచి ఇంజనుకు ఒక గొట్టం. డబ్బా మూతలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఈ కథకు ఇంతకు మించి యంత్రం గురించి తెలియక్కర్లేదు.

మొదటి రోజు ఏడు ట్రిప్పులు. ఊరివాళ్ళు నన్ను చూసి ముందు నమ్మలేదు.

"ఆడబిడ్డనా పంపించింది?"

"ఏ ఊరు పాపా మీది?"

"చిత్తూరు."

"చిత్తూరంటే మన పాపే! ఎవురోళ్ళు?"

బోటు ఎక్కేలోపు మా నాయన పేరు, తాత పేరు, మా పిన్ని అత్తగారి ఊరు అన్నీ చెప్పించుకున్నారు. హవల్దారు నవ్వాడు. "మేడమ్, వీళ్ళు మీకు సంబంధం కూడా చూసేస్తారు."

ఆ రోజు నాలుగో ట్రిప్పులో ఇంజను దగ్గింది. విప్పి చూస్తే పెట్రోల్లో నీళ్ళు. వానలో డబ్బా నింపుతుంటే పడ్డాయి. డబ్బా కడిగి, మళ్ళీ నింపి, నడిపించాం. నాకు అది మనసులో ముల్లులా ఉండిపోయింది. రెండో రోజు ఉదయం ఆరున్నరకి, వాన జోరుగా ఉన్నప్పుడు, డబ్బా మూత మీద పాలిథిన్ కవరు కప్పాను. పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. చుక్క నీరు పోదు. నా చేత్తోనే కట్టాను. హవల్దారు అప్పుడు బోటుకు గాలి కొడుతున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు, నేను ఎవరినీ అడగలేదు. జాగ్రత్తగా ఉన్నానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఖాళీ బోటుతో పోయేటప్పుడు ఇంజను బాగానే ఉంది. ఉదయం రెండు ట్రిప్పుల్లో ముగ్గురేసి ముసలివాళ్ళను తెచ్చాం. అప్పుడూ బాగానే ఉంది. మూడో ట్రిప్పుకి పదీ యాభైకి ఊరు చేరాం. అక్కడ ఇక ఏడుగురే మిగిలారు. ఇద్దరు పిల్లలతో ఒక తల్లి. ఆయాసంతో ఒక ముసలావిడ. పాలు పోసే ఆయన. చెంగల్రాయుడు, ఆయన భార్య మునెమ్మ.

మునెమ్మది భారీ శరీరం. అలిపిరి దగ్గర బండి మీద ఉర్లగడ్డ బజ్జీలు, బోండాలు వేస్తుంది. కొండ నడిచి ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ తన చేతి బోండా తిన్నవాళ్ళేనని రెండు నిమిషాల్లో చెప్పింది. చంకలో పెద్ద ఇనప బాణలి.

"అమ్మా, అది తీసుకురాకూడదు. బరువు."

"పాపా, ఇది మా అత్త కాలంది. ఇది లేకపోతే బోండా లోపల ఉడకదు."

"మనుషులకే చోటు."

ఆమె బాణలిని ఇంటి అటక మీద బోర్లించి వచ్చింది. చెంగల్రాయుడు ఎండుకట్టె లాంటి మనిషి. ముందే ఎక్కి కూర్చున్నాడు.

"ఏమ్మే, కదలకుండా కూసో. నువ్వు కదిల్తే బోటు ఒరుగుతాది."

"నువ్వు ఆ పక్క రెండు రాళ్ళు కట్టుకోని కూసో. సరిపోతాది."

పిల్లలు కూడా నవ్వారు. మునెమ్మను పెట్రోలు డబ్బా పక్కన, మధ్యలో కూర్చోబెట్టాను. లైఫ్ జాకెట్ బకిల్ ఆమెకు అందలేదు. తాడుతో కట్టాను.

పదకొండూ రెండుకి బయలుదేరాం. లెక్కకు పదిమంది. పరిమితి దాటలేదు. నేను ఎంచి చూసుకున్నాను.

మూడో నిమిషంలో ఇంజను చప్పుడు మారింది. వేగం పెంచితే పెరగడం లేదు, తగ్గుతోంది. వేగం తగ్గిస్తే మళ్ళీ ఊపిరి తెచ్చుకుంటుంది. పెంచగానే కూలబడుతుంది. ఏరు మమ్మల్ని వెనక్కి లాగుతోంది. డ్రైవరు మోటారు గది వైపు తిప్పి, దాని కిటికీ కమ్మీకి తాడు వేశాడు.

నేర్చుకున్న వరసలో చూశాను. ఇంజను లేపి, నీళ్ళలో తిరిగే పంకా చూశాం. చీరలు, గడ్డి ఏమీ చుట్టుకోలేదు. ప్లగ్గులు తీసి చూశాం. పొడిగా ఉన్నాయి. ఫిల్టర్లో నీళ్ళు లేవు. ఇంజను చల్లబరిచే నీటి ధార సరిగానే వస్తోంది. హవల్దారు కొత్త ప్లగ్గులు వేశాడు. అంతసేపు ఆగాక ఇంజను మళ్ళీ స్టార్టయింది. తాడు విప్పి యాభై గజాలు పోయామో లేదో మళ్ళీ కూలబడింది. మళ్ళీ గది దగ్గరికే వచ్చాం.

మునెమ్మ కిందికి చూస్తోంది. "పాపా, ఈ డబ్బా సొట్ట పోతా ఉండాది."

చూశాను. డబ్బా ఆమె వైపు పక్క లోపలికి పోయి ఉంది. ఆమె మోకాలు దానికి ఆనుకుని ఉంది.

"అమ్మా, కాలు తీయండి. దాని మీద ఆనకండి."

"నేను ఆనలేదే. దానంతటదే లోపలికి పోతా ఉండాది. నూనె డబ్బాకి ఒక్క బొక్కే పెడితే ఇట్లే. గుటక గుటక మంటాది గానీ కారదు. రెండో బొక్క..."

"ఒక్క నిమిషం మాట్లాడకండమ్మా."

ఆమె ఆగిపోయింది. నేను ఇంజను వైపు తిరిగాను.

రేడియోలో కట్టను పిలిచాను. "బోటు రెండు. ఇంజను బలం చాలడం లేదు. లోడు మీద పడిపోతోంది. ఓవర్."

ఆపరేటరు మేజర్ మాట చెప్పాడు. "లోడు తగ్గించి రండి. రెండు విడతలు చేయండి. ఓవర్."

పదకొండూ ఇరవై నాలుగు. గది పలక నీటికి మూడడుగుల పైన ఉంది. గంట నుంచి నీటి మట్టం మారలేదని నేను గోడ మీది బురద గీత చూసి అనుకున్నాను. ఎవరిని దింపాలి? పిల్లల్ని, తల్లిని కాదు. ఆయాసం ఉన్న ఆవిడను కాదు. పాలాయన లేచాడు. చెంగల్రాయుడు కూడా లేవబోయాడు. మునెమ్మ అతని భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఎండుకట్టెవి. నువ్వు దిగితే ఏమొస్తాది? నేనొక్కదాన్ని దిగితే ఇద్దురు దిగినట్టు లెక్క."

హవల్దారు, పాలాయన కలిసి ఆమెను పలక మీదికి ఎక్కించారు. ఎక్కాక చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది, తడుస్తాయని. అప్పటికే నిలువెల్లా తడిసి ఉంది. పలక మీద నిలబడి మొగుడికి చేయి ఊపింది. పో, పో అన్నట్టు.

నేను దిగి ఆమెకు తోడుగా ఉండాల్సింది. ఇంజను మళ్ళీ ఆగితే చూడవలసింది నేనే కదా అనుకున్నాను. ఇరవై నిమిషాల్లో వస్తానని చెప్పాను.

ఆమె దిగాక ఇంజను మెరుగ్గా లాగింది. రెండుసార్లే ఆగింది. అదే నన్ను పూర్తిగా నమ్మించింది. బరువే కారణం అని.

కట్ట చేరేసరికి పదకొండూ యాభై ఒకటి. చివరి పిల్లను దింపుతుండగానే రేడియో ఆపరేటరు కేక వేశాడు. "మేడమ్! పైన చెరువు కట్ట తెగింది. నీళ్ళు వస్తున్నాయి."

మేజర్ వాచీ చూసుకున్నారు. "గదిలో ఎంతమంది?"

"పలక మీద ఒకరు."

"వెళ్ళండి."

ముగ్గురం వెళ్ళాం. వాలు కాబట్టి బోటు పరుగెత్తింది. నాలుగు నిమిషాల్లో గది కనిపించింది. నీళ్ళు పలక అంచును తాకుతున్నాయి. మునెమ్మ మధ్యలో నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించి ఉంది. గది దగ్గర ఆగాలంటే బోటును ఏటికి ఎదురు తిప్పి, పూర్తి వేగం ఇవ్వాలి. డ్రైవరు ఇచ్చాడు. ఇంజను ఒక్కసారి గర్జించి, నిమిషం కూడా లాగకుండా పడిపోయింది. పలకకు ముప్పై గజాల దూరంలో మేం పక్కనుంచి కొట్టుకుపోయాం.

బోటులో ముగ్గురమే ఉన్నాం. బరువే లేదు.

ఆమె మమ్మల్ని చూస్తూ తలతిప్పింది. నా ముఖం ఎలా ఉందో తెలియదు. ఆమె నాకే ధైర్యం చెప్పింది. నీళ్ళ చప్పుడు మీదుగా గొంతు ఎత్తి అరిచింది.

"నిమ్మళంగా రా పాపా! నేను యాడికీ పోనులే!"

అప్పుడు డబ్బా చూశాను. దాని పక్కన ఎవరూ కూర్చుని లేరు. పళ్ళు లేని ముసలివాడి బుగ్గల్లా రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి ఉంది. కత్తితో సైకిల్ ట్యూబు కోశాను. పాలిథిన్ మూతకు అంటుకుపోయి ఉంది. పీకాను. హుస్స్‌మని డబ్బా ఊపిరి పీల్చుకుంది. డబ్‌మని పక్కలు బయటికి వచ్చాయి.

పెట్రోలు బయటికి పోవాలంటే లోపలికి గాలి రావాలి. నేను గాలి దారి మూసేశాను. మెల్లగా నడిపితే సందుల్లోంచి దూరే కొంచెం గాలి చాలేది. ఆగి నిలబడితే నిండేది. బరువు లాగాల్సి వచ్చినప్పుడు చాలేది కాదు. ఇది మొదటి సంవత్సరం చదివే పిల్లలకు తెలుసు. బజ్జీల బండి మీద నూనె డబ్బా విప్పేవాళ్ళకు తెలుసు.

డ్రైవరు ఇంజను స్టార్టు చేసే తాడు లాగాడు. ఇంజను అందుకుంది. ఆ ఉదయం నుంచి వినని నిండు చప్పుడు. ఏటికి ఎదురుగా, పెరిగిన నీళ్ళకు ఎదురుగా, బోటు ముక్కు లేపి పోయింది. మూడు వందల గజాలు వెనక్కి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పన్నెండూ ఏడు.

పలక ఉన్న చోట నీళ్ళు కొంచెం ఉబ్బి పోతున్నాయి. కింద పలక ఉందని అలాగే తెలిసింది.

సాయంత్రం ఐదూ యాభై వరకు వెతికాం. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. మూడో రోజు, దిగువన తుమ్మ చెట్ల దగ్గర, మొదటి బోటువాళ్ళకు దొరికింది. జాకెట్ తాడు నేను వేసిన ముడితోనే ఉంది.

రాత్రి టెంటులో హవల్దారు నా ఎదురుగా కూర్చున్నాడు. తడి బూట్లు విప్పుతూ అన్నాడు. "నేను కూడా చూడలేదు మేడమ్. డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది."

నేను రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. మూత రంధ్రం మూసినది నేను, కట్టినది నేను. అది యంత్రాల వివరాల కాగితంలో మూడో పేజీకి పోయింది. పైకి వెళ్ళిన కాగితంలో "అధిక లోడు, తీవ్ర ప్రవాహం" అని రాశారు. అబద్ధం కాదన్నారు మేజర్. ఆయన నన్ను కాపాడాలనే అనుకున్నారు. ఆ కాగితం మీద సంతకం చేశాను.

ఏడో రోజు మధ్యాహ్నం రెండుకి క్యాంపు ఎత్తేశాం. కట్ట మీద ఊరివాళ్ళు మాకు టీ ఇచ్చారు. చెంగల్రాయుడు, ఊరివాళ్ళను ఉంచిన బడి వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. "బోటు లాగలేకపాయె. ఆయమ్మ బరువు. సద్దన్నం జాస్తి తినొద్దంటే వింటేనా?" చెప్పి నవ్వుతాడు. నవ్వు మధ్యలోనే ముఖం ముడుచుకుపోతుంది. నేను లారీ ఎక్కాను.

మరుసటి ఏడు నేను ఒప్పుకున్న సర్వీసు గడువు ముగిసింది. పొడిగించమని అడగలేదు. పెళ్ళయింది. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. మా పాపకు పదకొండు నెలలు. దానికి జలుబు చేసినా నేను నిద్రపోను. ఊపిరి వస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. నా భర్త తిట్టడం మానేశాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా రెండుసార్లు లేచి వెళ్ళాను.

పోయిన నెల ఒక రోజు పాప పాలసీసా నోట్లో పెట్టుకుని ఏడ్చింది. పీలుస్తోంది, పాలు రావడం లేదు. చూస్తే రబ్బరు పీక లోపలికి పీక్కుపోయి ఉంది. సీసా మూత నేను మరీ బిగించాను, పాలు కారకూడదని. కొంచెం వదులు చేశాను. హుస్స్‌మంది. పాలల్లో బుడగలు లేచాయి. పాప ఏడుపు మానేసి గుటకలు వేసింది.

మరునాడు పాపను ఎత్తుకుని అలిపిరికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలు. బండి దొరకడం కష్టం కాలేదు. చెంగల్రాయుడు ఇంకా సన్నబడ్డాడు. పొయ్యి మీద ఆ ఇనప బాణలే ఉంది. వరద దాన్ని వదిలేసింది. ఆయన కొత్త నూనె డబ్బా విప్పుతున్నాడు. మేకు పెట్టి సుత్తితో ఒక మూల ఒక బొక్క కొట్టాడు. డబ్బా తిప్పి ఎదురు మూల ఇంకొకటి కొట్టాడు. నూనె సన్నని ధారగా, చప్పుడు లేకుండా కారింది.

నన్ను గుర్తుపట్టాడు. "మిలిట్రీ పాప! బిడ్డా? నీ పోలికే." పాప చేతిలో చల్లారిన బోండా ముక్క పెట్టాడు.

నేను నిలబడే చెప్పాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఏవీ రాలేదు. "ఆమె బరువు వల్ల కాదు. డబ్బా మూత నేను కట్టేశాను. గాలి పోలేదు. ఆమె చెప్పింది, నేను వినలేదు. బోటు ఆమెను కూడా లాగి ఉండేది."

ఆయన జల్లిగరిటెతో నూనె మీద ఏదో తీశాడు. అందులో తీయడానికి ఏమీ లేదు.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"ఆయమ్మ చెప్పతా ఉంటే నేనూ పక్కనే ఉండా గదా. నూనె డబ్బాలు విప్పే మొగోణ్ణి, నాకు తెలీదా?" పొయ్యి మంట తగ్గించాడు. "నువ్వు మాట్లాడొద్దు అన్న్యాక గూడా ఆయమ్మ మళ్ళా నోరు తెరిచింది. నేనే మోచెయ్యి గిల్లినా. ఇంజినీరు పాప, ఆమెకి తెలీనిది నీకు తెలుసా, గమ్మునుండు మే అని. గమ్మునుండిపాయె."

పాప బోండా ముక్కను కింద పడేసింది. ఆయన ఇంకొకటి ఇచ్చాడు.

"నలుగురు అడిగితే బరువనే చెప్తా ఉండా. గిల్లినానని ఎట్ల చెప్పేది?"

ఇద్దరు యాత్రికులు వచ్చి నాలుగు ప్లేట్లు అడిగారు. ఆయన పిండి చేతిలోకి తీసుకున్నాడు. నేను వచ్చేశాను.

ఇప్పుడు ఇంట్లో నూనె డబ్బా తెచ్చినప్పుడల్లా రెండు బొక్కలు పెడతాను. సీసా మూత ముప్పావు తిప్పు దగ్గరే ఆపుతాను. ఇవి నేర్చుకున్నాను. నేర్చుకోలేనిది ఒకటి ఉంది. పాలల్లో మొదటి బుడగ లేచినప్పుడల్లా మోటారు గది పలక కనిపిస్తుంది. కొంగు బిగించి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమె దాని మీద నిలబడి ఉంటుంది. ముప్పై గజాల దూరంలో. యాడికీ పోకుండా.